మొరాయించే ఫ్యాన్

స్విచ్ వేస్తే ఫ్యాన్ గుయ్‌మంటుంది కానీ తిరగదు. రెక్కను కర్రతో నెడితే మాత్రం నెట్టిన వైపే తిరుగుతుంది! ఎందుకు?

మన ఇళ్లకు వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ఒక్క తీగచుట్టలో అది పుట్టించే అయస్కాంత బలమూ అలాగే ఊగుతుంది తప్ప గుండ్రంగా తిరగదు. అందుకే మామూలు సీలింగ్ ఫ్యాన్‌లో రెండో చుట్ట ఉంటుంది. దానికి కరెంటు కెపాసిటర్ గుండా వెళ్తుంది. ఎలక్ట్రీషియన్లు కండెన్సర్ అనేది దీన్నే. పలుచని లోహపు పొరలు, మధ్యలో ప్లాస్టిక్ పొర, అంతే! ఇది విద్యుత్తును నింపుకుంటూ, వదులుతూ ఆ చుట్టలో కరెంటును కాస్త ముందుకు జరుపుతుంది. రెండు చుట్టల బలాలు ఒకదాని వెనక ఒకటి రావడంతో అయస్కాంత క్షేత్రం గుండ్రంగా తిరిగి, రెక్కల్ని తనతో లాక్కెళ్తుంది.

చాలా ఫ్యాన్లలో 2.5 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఉంటుంది. ఏళ్ల తరబడి వేడికి ఆ విలువ తగ్గితే ఫ్యాన్ నీరసిస్తుంది; మరీ తగ్గితే, మొదట్లో చెప్పినట్టు నెడితే తప్ప తిరగదు. మార్చే పని పెద్దవాళ్లకే వదిలేయండి. కరెంటు ఆపాక కూడా కెపాసిటర్ షాక్ కొట్టొచ్చు.