గొంతు కలిపితేనే వినిపించేది

సౌలు రాజును దురాత్మ వేధించినప్పుడల్లా దావీదు సితారా వాయించేవాడు, రాజుకు నెమ్మది కలిగేది. మొదటి సమూయేలు 16వ అధ్యాయంలోని ఈ సంగతి సండే స్కూలు పిల్లలకు కూడా తెలుసు. అయితే రెండే అధ్యాయాల తరువాత, అదే సితారా మోగుతుండగానే సౌలు దావీదు మీదికి ఈటె విసిరాడు. వాయించే చెయ్యి మారలేదు. వినే మనసులో అసూయ నిండింది.

ఇదే సౌలు జీవితంలో అంతకుముందు మరో సంగీతం ఉంది. పదో అధ్యాయంలో తంబుర, సన్నాయి, సితారాలతో కొండ దిగి వస్తున్న ప్రవక్తల గుంపు అతనికి ఎదురైంది. వారితో కలిసి ప్రకటించినప్పుడు అతడు వేరొక మనిషి అవుతాడని సమూయేలు ముందే చెప్పాడు. మనసు మార్చింది దేవుడే. కానీ అందుకోసం ఆయన సౌలును ఒంటరిగా గదిలో కూర్చోబెట్టి పాట వినిపించలేదు, పాడుతున్న గుంపులోకి నడిపించాడు.

తన భావాలను గుర్తెరగడం, ఎదుటివారి మనసు గ్రహించడం, ఆ ఎరుకతో తనను తాను అదుపులో ఉంచుకోవడం - దీన్నే నేడు భావోద్వేగ ప్రజ్ఞ అంటున్నారు. 1990లో పీటర్ సాలొవే, జాన్ మేయర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ భావనను వివరించారు. 1995లో డేనియల్ గోల్‌మన్ పుస్తకంతో అది లోకమంతా పాకింది. సంతోషించేవారితో సంతోషించాలి, ఏడ్చేవారితో ఏడ్వాలి అని పౌలు రోమా సంఘానికి రాసినప్పుడు ఆ పేరు లేదు గానీ విషయం మాత్రం అదే. అయితే దీన్ని నేర్చుకోవడం ఎక్కడ? ప్రసంగం విని నేర్చుకోగలిగేది కొంతే.

సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ ప్రాంతాన్ని తీసుకోండి. కర్ణాటక, మహారాష్ట్రలకు దగ్గరగా ఉన్న ఈ చోట తెలుగుతో పాటు కన్నడం, మరాఠీ, ఉర్దూ, తండాల్లో లంబాడీ మాట వినిపిస్తాయి. చెరకు నరికే కాలం వస్తే ఎన్నో కుటుంబాలు పిల్లాపాపలతో వలస వెళ్తాయి, ముసలివారు ఇళ్ల దగ్గర మిగిలిపోతారు. ఇలాంటి చోట సంఘం పాడడమంటే శిక్షణ పొందిన నాలుగు గొంతులు వేదికెక్కడం కాదు.

2016 వరకు నారాయణఖేడ్ కూడా భాగమైన పాత మెదక్ జిల్లాలోనే, జంగరాయి ప్రాంతపు పల్లె క్రైస్తవుల జీవితాన్ని పి.వై. లూక్, జాన్ కార్మన్ దగ్గరగా పరిశీలించి 1968లో పుస్తకంగా తెచ్చారు. ఆ పల్లెల వారు పాడుకునే కీర్తనలను కూడా వారు పట్టించుకున్నారు. చదువురాని విశ్వాసికి వాక్యం నోటికి వచ్చేది పాటగానే కదా!

భజన పద్ధతి చూడండి. ఒకరు పల్లవి ఎత్తుకుంటారు, మిగిలినవారు వంత అందుకుంటారు. ఢోలక్ వేగం పెరిగితే తాళాలు పట్టినవారు గమనించాలి. ముసలమ్మకు ఊపిరి అందకపోతే పక్కనున్నామె చరణాన్ని నిలబెట్టాలి. తన గొంతు మాత్రమే వినేవాడు వంత పాడలేడు. భార్యను పోగొట్టుకున్న మనిషి నోరు విప్పలేక కూర్చుంటే ఎవరూ బలవంతం చేయరు, పాట ఆయన పక్కనుంచే సాగిపోతుంది. ఏ మూడో వారమో నాలుగో వారమో సన్నగా ఆయన గొంతూ కలుస్తుంది. పొలం గట్టు తగాదా పాటతో తీరదు, కొలతలు వేయించాల్సిందే. కానీ ఆదివారం ఒకే తాళానికి చప్పట్లు కలిపినవారికి సోమవారం దారిలో ఎదురుపడి మొహం తిప్పుకోవడం కాస్త కష్టమే.

పిల్లల విషయంలో దీన్ని పరీక్షించి చూశారు కూడా. జర్మనీలో కిర్ష్నర్, టొమసెల్లో నాలుగేళ్ల పిల్లలతో ఆటలు ఆడించారు. కలిసి పాడుతూ వాయిస్తూ ఆడినవారు, పాట లేకుండా ఆడినవారికంటే ఆ తరువాత ఒకరికొకరు ఎక్కువగా సాయపడ్డారని 2010లో ప్రకటించారు. స్వీడన్‌లో 2013లో వెలువడిన పరిశోధనలో, కలిసి పాడేవారి శ్వాసతో పాటు గుండె వేగం కూడా ఒకే తీరున హెచ్చుతగ్గులవుతున్నట్లు తేలింది. పాడితే చాలు మంచివాళ్లం అయిపోతామని దీని అర్థం కాదు. క్రిస్మస్‌కు సోలో ఎవరు పాడాలనే గొడవలు చూసినవారెవరికీ ఆ భ్రమ ఉండదు!

ఇప్పుడు పల్లె మందిరాల్లోకి కూడా కీబోర్డు, ప్యాడ్లు, పెద్ద సౌండు బాక్సులు వస్తున్నాయి. వాయిద్యాలతో దేవుణ్ణి స్తుతించమని 150వ కీర్తనే చెబుతోంది, వాటితో పేచీ లేదు. పక్కవాడి గొంతు వినిపించనంత మోత పెట్టినప్పుడే చిక్కు. వంత ఆగిపోతుంది, సంఘం శ్రోతగా మారుతుంది. రాజమందిరంలోని సౌలు మాదిరి మనమూ కాసేపు నెమ్మది పొంది, లోపలి అసూయ లోపలే ఉంచుకుని ఇంటికి వెళ్తాం.

దావీదు ఏర్పరచిన గాయకులు 288 మంది అని మొదటి దినవృత్తాంతములు 25వ అధ్యాయం లెక్క చెబుతుంది. వారి వంతులు నిర్ణయించడానికి పిన్న, పెద్ద, గురువు, శిష్యుడు అనే తేడా లేకుండా చీట్లు వేశారు. మన సంఘాల్లో చీట్లు వేయకపోయినా, అందరికీ నోటికి వచ్చిన ఒక్క కీర్తనకు మైకు ఆపి, తాళాలు పిల్లల చేతికి ఇవ్వవచ్చు. వలస వెళ్లినవారి గొంతులు వంతలో లేవని, వెనుక వరుసలో ఒక గొంతు వణుకుతోందని అప్పుడు తెలుస్తుంది. ఆరాధన ముగిశాక ఎవరి దగ్గరికి వెళ్లి కూర్చోవాలో కూడా.