బయటివాడి కోసం ఒక పిడి

నకరికల్లు అడ్డరోడ్డులో ఓ సాయంత్రం బజ్జీల బండి మీద బాణలిలో నూనె భగ్గున అంటుకుంది. పక్కనున్న కుర్రాడు చెంబుతో నీళ్లెత్తాడు. బండామె వాడి చెయ్యి మీద ఒక్కటిచ్చి, పెద్ద పళ్లెం బాణలి మీద బోర్లించి, పొయ్యి కట్టేసింది. మంట చచ్చింది. ‘నూనె మీద నీళ్లు పోస్తావేందిరా?’ అని గదమాయించి మళ్లీ పిండి కలుపుకుంది.

రేసు కారులో మంటలార్పే యంత్రం చేసేదీ ఇదే. కాకపోతే అక్కడ మూత వెయ్యాల్సిన మనిషి బాణలిలోనే కూర్చుని ఉంటాడు. భుజాలకూ నడుముకూ తొడలకూ బెల్టులు, తలకు హెల్మెట్, చేతులకు గ్లౌజులు. కారు పల్టీ కొడితే తలకిందులుగా వేలాడుతుంటాడు.

1973 జులై 29న నెదర్లాండ్స్‌లోని జాండ్‌వూర్ట్ ట్రాక్ మీద రోజర్ విలియమ్సన్ అనే ఇంగ్లిష్ కుర్రాడికి ఇదే జరిగింది. అది అతనికి రెండో ఫార్ములా వన్ పోటీ. కారు బోర్లాపడి అంటుకుంది. వెనకాల వస్తున్న డేవిడ్ పర్లీ తన కారు ఆపేసి, ట్రాక్ దాటి పరుగెత్తాడు. ఒంటిచేత్తో కారు తిప్పబోయాడు, తిరగలేదు. ఒక మంటలార్పే సిలిండరు లాక్కొచ్చి ఖాళీ చేశాడు, చాలలేదు. అక్కడున్న సిబ్బందికి మంటకు తట్టుకునే బట్టలు లేక దగ్గరికి రాలేకపోయారు. మిగతా కార్లు పక్కనుంచి పోతూనే ఉన్నాయి. విలియమ్సన్ ఊపిరాడక చనిపోయాడు.

కారులోనే మంటలార్పే సరంజామా ఉండాలన్న పట్టుదల ఇలాంటి చావుల మీదనే బలపడింది. మొదట్లో వాడింది హేలాన్ వాయువు. మంటలో జరిగే రసాయన గొలుసును అది మధ్యలో తెంపేస్తుంది. ఆర్పాక తుడుచుకునే పని కూడా ఉండదు. అంత మంచి మందు దొరకదనుకున్నారు. కానీ అందులోని బ్రోమిన్ పైకెళ్లి ఓజోన్ పొరను తినేస్తోందని తేలింది. 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత 1993 చివరికల్లా అభివృద్ధి చెందిన దేశాల్లో దాని తయారీ ఆగిపోయింది. ఆ చోటులోకి ఏఎఫ్ఎఫ్ఎఫ్ అనే నురగ వచ్చింది. నీళ్లలో కలిపిన ఈ మందు పెట్రోలు మీద పల్చటి పొరగా పరుచుకుని గాలి తగలనివ్వదు, ఆవిరి లేవనివ్వదు. బండామె పళ్లెం లాంటిదే, ద్రవరూపంలో. అందులోని ఫ్లోరిన్ రసాయనాలు నేలలో, నీళ్లలో ఏళ్ల తరబడి నాశనం కాకుండా ఉండిపోతాయని ఇప్పుడు దీన్నీ వదిలించుకునే పనిలో ఉన్నారు. దయ్యాన్ని తోలి పిశాచాన్ని పిలిచినట్టయింది!

ఇక బిగించే పని. పొలంలో మందు కొట్టే పంపు ఎరిగిన పల్నాటి రైతుకు ఇది వింతగా ఉండదు. పీడనం పట్టిన సిలిండరు, దానికి గొట్టాలు, కొసన నాజిళ్లు. కొన్ని నాజిళ్లు డ్రైవర్ కాళ్ల వైపు, కొన్ని ఇంజిన్ మీదికి. ముఖంలోకి కొట్టేలా ఒక్కటీ ఉండకూడదు. ప్లాస్టిక్ గొట్టాలు మంటకు ముందే కరిగిపోతాయి కాబట్టి లోహపువే వాడాలి. అసలు కష్టం సిలిండరును నిలబెట్టడంలో ఉంది. దాని పట్టు 25 జీల దెబ్బకు తట్టుకోవాలని అంతర్జాతీయ మోటార్ సమాఖ్య నిబంధన. అంటే 5 కిలోల సిలిండరు ఆ క్షణంలో 125 కిలోల బరువుతో లాగుతుంది. మూడు మిర్చి టిక్కీలు ఒక్కసారిగా ముందుకు దూకినట్టు లెక్క. పట్టీ ఊడితే ఆర్పాల్సిన వస్తువే డ్రైవర్ వీపు పగలగొడుతుంది. కరెంటుతో తెరుచుకునే రకమైతే దానికి విడిగా సొంత బ్యాటరీ ఉండాలి. ప్రమాదంలో కారు కరెంటు కట్టేసినా ఇది మాత్రం పని చెయ్యాలి. కారు తిరగబడినా నురగ రావాలి. రెండేళ్లకోసారి సిలిండరును తనిఖీ చేయించాలి.

ఇన్నిట్లో నాకు గొప్పగా అనిపించేది నురగ కాదు, ఒక పిడి. లోపల బెల్టుతో కూర్చున్న డ్రైవర్‌కు అందేలా ఒకటి పెడతారు. బయట అద్దం దగ్గర ఇంకొకటి. దాని పక్కన ఎర్ర అంచున్న తెల్లటి వలయం, కనీసం 10 సెంటీమీటర్లు, మధ్యలో ఎర్రటి ‘ఇ’ అనే ఇంగ్లిష్ అక్షరం. ఆ పిడి డ్రైవర్ కోసం కాదు. అటుగా పరుగెత్తుకొచ్చే పర్లీ లాంటివాడి కోసం. ఆ కారు ఎవరిదో, ఎట్లా పని చేస్తుందో అతనికి తెలియక్కర్లేదు. లాగితే చాలు.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ అనే బ్యాటరీ రేసు కార్లు తిరిగాయి. వాటిలో పెట్రోలే లేదు. లిథియం బ్యాటరీ వేడెక్కి అంటుకుంటే తన ఆక్సిజన్‌ను తనే పుట్టించుకుంటుంది కాబట్టి అక్కడ పళ్లెం బోర్లించే ఎత్తు పారదు. ధారాళంగా నీళ్లు పోసి చల్లార్చాల్సిందే.

రేసు కారులోని ఈ యంత్రానికి చిన్న తమ్ముడి లాంటిదొకటి రాత్రిళ్లు మా అడ్డరోడ్డు మీదుగానే పోతుంటుంది. దూరప్రయాణపు బస్సుల ఇంజిన్ గదిలో మంటను పసిగట్టి ఆర్పే ఏర్పాటుకు ఏఐఎస్-135 అనే ప్రమాణం ఉంది. కొన్ని రకాల్లో ఇంజిన్ చుట్టూ ఒక సన్నటి గొట్టం తిప్పుతారు. వేడికి అది పగలగానే నీటి తుంపర దానంతటదే విరజిమ్ముతుంది. ప్రయాణికులుండే భాగంలోనూ రక్షణ ఏర్పాటు ఉండాలని 2022 జనవరిలో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. 2013లో పాలెం దగ్గర 45 మంది, 2024లో మన చిలకలూరిపేట దగ్గర పసుమర్రు వద్ద 6 మంది, 2025 అక్టోబరులో కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద 19 మంది ప్రయాణికులు బస్సు మంటల్లో చనిపోయారు. మూడూ రోడ్డు మీద గుద్దుకున్నాక లేచిన మంటలే. ఇంజిన్ గదిలో ఎంత మంచి యంత్రమున్నా అలాంటప్పుడు బతికించేది తలుపు, అద్దం, వాటిని తెరిచే చెయ్యి.

ఈసారి రాత్రి బస్సెక్కినప్పుడు పరుపు సర్దుకునే ముందు మూడు చూసుకోండి: అత్యవసర తలుపు ఎటుంది, అద్దం పగలగొట్టే సుత్తి తన చోటులో ఉందా, డ్రైవర్ దగ్గరి ఎర్ర సిలిండరు ముల్లు పచ్చగీత మీద ఉందా. లేకపోతే బస్సు కదలకముందే అడగండి.