ఆ పాటలో ఆమె ఎక్కడుంది?

పాట బాగుంటే ఎవరు పాడారని అడుగుతాం. మరీ శ్రద్ధ ఉంటే సంగీతం ఎవరిదని ఆరా తీస్తాం. గిటారు వాయించిందెవరని అడిగేవాళ్ళెందరు? 1960ల నాటి అమెరికా రాక్ పాటల గురించి ఆ ప్రశ్న వేస్తే, చాలాసార్లు వచ్చే జవాబు ఓ మహిళ పేరు. కరోల్ కే!

1935లో పుట్టిన కరోల్ పద్నాలుగేళ్ళకే గిటారు పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. తర్వాత లాస్ ఏంజెలెస్ క్లబ్బుల్లో జాజ్ వాయించేవారు. జాజ్ అంటే ప్రాణమే, కానీ ఇంట్లో పిల్లలున్నారు, తల్లి ఉంది. 1957లో శామ్ కుక్ పాటల రికార్డింగుకు పిలుపొచ్చింది. స్టూడియోలో డబ్బు ఎక్కువని తెలిశాక అటే వెళ్ళిపోయారు. 1958 నాటి ‘లా బంబా’లో రిథమ్ గిటారు వాయించిన వాళ్ళలో ఆవిడ ఒకరు. 1963లో ఓ రోజు కాపిటల్ రికార్డ్స్ స్టూడియోకి బేస్ గిటారు వాయించే మనిషి రాలేదు. ఆ బేస్ కాస్తా ఈవిడ చేతిలో పెట్టారు. రానివాళ్ళ పని నెత్తిన పడటం మనకేం కొత్త కాదు గానీ, అది ఇలా కలిసిరావడం అరుదే కదూ! మొత్తం పదివేల రికార్డింగుల దాకా వాయించి ఉంటారని అంచనా.

అప్పట్లో ఈ స్టూడియో వాద్యకారులది పూట లెక్క. మామూలుగా మూడు గంటల సెషను. వాయించి, ఆ పూట వేతనం తీసుకుని మరో స్టూడియోకి పరుగు. పాట ఎంత హిట్టయినా రికార్డు అట్టమీద వాళ్ళ పేరుండేది తక్కువే.

1966 మొదట్లో బీచ్ బాయ్స్ బృందం జపాన్ పర్యటనకు వెళ్ళింది. వెళ్ళకుండా ఉండిపోయిన బ్రయాన్ విల్సన్ స్టూడియో వాద్యకారుల్ని కూర్చోబెట్టి ‘పెట్ సౌండ్స్’ ఆల్బమ్ సంగీతం రికార్డు చేయించసాగారు. తిరిగొచ్చిన బృందం పాడింది. అట్టమీద ఆ బృందం మేకలకు మేత పెడుతున్న ఫొటో ఉంటుంది. వాయించిన వాళ్ళ ఊసే లేదు.

1997లో ఆ రికార్డింగులు నాలుగు సీడీల సెట్టుగా బయటికొచ్చాయి. గొంతులు లేకుండా వాద్యాలు ఒకచోట, వాద్యాలు లేకుండా గొంతులు ఒకచోట. మధ్యలో ఆగిపోయిన టేకులూ ఉన్నాయి. బ్రయాన్ ఆపమనడం, ఏదో సరిదిద్దడం, అందరూ మళ్ళీ మొదటినించీ ఎత్తుకోవడం అన్నీ వినిపిస్తాయి. మా మేనకోడలు నా చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టి, ‘వుడింట్ ఇట్ బి నైస్’ గొంతులు లేకుండా వినిపించింది. “అత్తయ్యా, కింద ఏం నడుస్తోందో చూడు” అంది. పాడేవాళ్ళున్నప్పుడు వినపడీ వినపడనట్టుండే బేస్, వాళ్ళు తప్పుకోగానే ఇల్లంతా తిరుగుతున్న మనిషి అడుగుల్లా తెలిసిపోతోంది. కరోల్ వేళ్ళతో మీటరు, పిక్‌తో వాయిస్తారు. తీగలకు కాస్త ఫెల్ట్ ముక్క ఆనిస్తారు. అందుకే స్వరం సాగకుండా ముక్కముక్కగా పలుకుతుంది. పక్కనే లైల్ రిట్జ్ నిలువు బేస్ కూడా ఉంది. రెండూ కలిసి పాటను మోస్తున్నాయి.

2025లో, తొంభయ్యో ఏట, ఆవిడను రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవానికి ఎంపిక చేస్తే వద్దన్నారు! స్టూడియో పని జట్టు పని, ఒక్కరి గొప్ప కాదు, ఈ సత్కారం ఆ పనికి అద్దం పట్టదన్నది ఆవిడ అభ్యంతరం. ఆ వాద్యకారులకు తర్వాత స్థిరపడిన ‘రెకింగ్ క్రూ’ అన్న పేరు కూడా ఆవిడకు గిట్టదు.

“ఇన్నాళ్ళకి పిలిచారు, పుచ్చుకోవచ్చుగా?” అని మా మేనకోడలు గింజుకుంది. నాకు మాత్రం ఆ పెద్దావిడ మొండితనం నచ్చింది. లైల్ రిట్జ్ ఎవరని అడిగేవాళ్ళు ఇంకా తక్కువ మరి!