బంగారు బియ్యం, పెరటి మునగ

నా చిన్నతనంలో మా కనియంబాడిలో పక్కింటి పిల్లకు రేచీకటి వచ్చింది. దీపాలు పెట్టే వేళకి గోడ తడుముకుంటూ నడిచేది. మూడు పూటలా అన్నం తినే పిల్లే! తెల్లబియ్యంలో విటమిన్ ‘ఏ’ లేదు. ఆస్పత్రిలో మందు ఇచ్చారు. మా అమ్మ రోజూ మునగాకు పప్పు పంపేది. చూపు నిలిచింది.

వరి ఆకులో కెరోటిన్ ఉంది, బియ్యపుగింజలో లేదు. ఇంగో పోట్రికస్, పీటర్ బేయర్ అనే శాస్త్రజ్ఞులు డాఫడిల్ పువ్వు, బాక్టీరియాల జన్యువులు చేర్చి గింజలోనూ దాన్ని పుట్టించారు. ఆ సంగతి 2000లో లోకానికి తెలిసింది. 2005లో పువ్వు జన్యువుకు బదులు మొక్కజొన్నది పెడితే కెరోటిన్ ఎన్నో రెట్లు పెరిగింది. అదే పసుపుపచ్చని ‘బంగారు బియ్యం’. ఫిలిప్పీన్స్ 2021లో దాని సాగుకు అనుమతి ఇచ్చింది. 2024లో అక్కడి కోర్టు ఆపేసింది.

హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థది మరో దారి. పరాయి జన్యువు చేర్చకుండా, సంకరంతోనే జింకు ఎక్కువ ఉండే ‘డి.ఆర్.ఆర్. ధాన్ 45’ను రూపొందించింది.

బ్యాంకులో ఎన్నో పంట రుణాల కాగితాలు చూశాను. ఎకరాకు ఎన్ని బస్తాలని అడిగేవాళ్ళం. ఆ బస్తాలో బలమెంతని ఏ కాగితంలోనూ లేదు. ఇకనైనా అడుగుదాం. అందాకా పెరట్లో మునగ ఉండనే ఉంది. కెరోటిన్ ఒంటికి పట్టాలంటే కొంచెం నూనె కావాలి, పోపు మరవకండి!