లంగరు వేసిన నౌకపై కావలి

కరీంనగరు, ఆదిలాబాదు సీమలవారికి సముద్రము దూరము, గోదావరి దగ్గర. ధర్మపురి రేవున మోకుతో కట్టిన పడవ మీదికి వరదలో పెద్ద దుంగ కొట్టుకొని వచ్చినచో, పడవవాడు దానితో పెనుగులాడడు. మోకు వదులు చేసి పడవను తప్పించును. కడలిలో లంగరు వేసిన నౌకకును ఉపాయ మిదియే. కాని నౌక బరువు వేల టన్నులు. దాని యంత్రము పిలిచినంతనే పలుకదు.

లంగరు వేసిన నౌక విశ్రమించినట్లు కనబడును గాని, ఆ వేళనే అది మిక్కిలి నిస్సహాయము. అందువలననే రాత్రింబవళ్లు ఒక అధికారి కావలి యుండును. వేరొక నౌక తనపైకి వచ్చుచున్నదని అతడు తెలిసికొనుట ఎట్లు? అది కనబడు దిక్కును దిక్సూచితో మరల మరల చూచును. దిక్కు మారక, దూరము మాత్రము తగ్గుచుండినచో తాకిడి తథ్యము. 10 నాట్ల వేగముతో వచ్చు నౌక 1,852 మీటర్ల నాటికల్ మైలును 6 నిమిషములలో దాటును. అతనికి గల వ్యవధి అట్టిది.

అతడు వెంటనే కెప్టెనును పిలువవలెను. యంత్రపు గదికి కబురంపవలెను. రేడియో 16వ ఛానెలుపై ఎదుటి నౌకను హెచ్చరింపవలెను. కంటికి కనబడు నౌకకు ఐదు పొట్టి కూతలు వేయవలెను. పొగమంచులో నైనచో, 1972 నాటి అంతర్జాతీయ నియమావళి ననుసరించి నిమిషమున కొకసారి 5 సెకండ్లపాటు గంట మ్రోగించుచు, ఒక పొట్టి, ఒక పొడుగు, ఒక పొట్టి కూతతో తన ఉనికిని తెలుపవచ్చును. అపాయ ఘంటికతో నిద్రించువారిని లేపి, నీరు చొరని తలుపులు మూయింపవలెను. లంగరు గొలుసును మరికొంత వదలినచో నౌక గాలివాలున వెనుకకు జరుగును. ప్రవాహమున్నచో చుక్కాని త్రిప్పి ప్రక్కకు ఒరగింపవచ్చును.

గొలుసును పూర్తిగా విడుచుట కడపటి ఉపాయము. యంత్రము సిద్ధము కాకమునుపే విడిచినచో నౌక గాలిపాలగును. 2020 అక్టోబరులో విశాఖపట్టణము వెలుపల లంగరు వేసియున్న బంగ్లాదేశ్ నౌక ‘ఎం.వి. మా’ వాయుగుండపు గాలులకు పట్టు తప్పి, తెన్నేటి పార్కు చెంత ఒడ్డున కెక్కినది. అట్టి నౌక దారిలో మరియొక నౌక లంగరు వేసి యుండినచో, దాని కావలివాని మెలకువయే దానికి రక్ష.

నడిరేయి కెప్టెనును అకారణముగా లేపితినేమో యను సంకోచము కావలివానికి తగదు. అపాయము తప్పిన పిమ్మట నిద్ర చెడినదని ఎవరును నిందింపరు; లేపక జాగుచేసిన 6 నిమిషములు మాత్రము మరల రావు.