మన మిర్చి వెళ్లే చోట మన నాలుకకు జాగ్రత్త

మీకు తెలుసా? పర్చూరు నల్లరేగడిలో పండిన మిర్చి గుంటూరు యార్డుకు చేరుతుంది. అక్కడి తేజ రకాన్ని చైనా పెద్ద ఎత్తున కొంటుంది. అయినా ఆ దేశంలోని చెంగ్దూ, చోంగ్‌చింగ్ నగరాలకు వెళ్లే మనవాళ్లకు అక్కడి హాట్‌పాట్, అంటే మరిగే పులుసులో ముక్కలు ఉడికించుకుని తినే వంటకం, కొత్తే. నాలుకను తిమ్మిరెక్కించేది మిరప కాదు, నిమ్మ కుటుంబానికి చెందిన సిచువాన్ మిరియం.

అసలు చూసుకోవలసింది వేరే ఉంది. చోంగ్‌చింగ్ హాట్‌పాట్ పులుసును ఎక్కువగా గొడ్డు కొవ్వుతో కాస్తారు. అది తినని వారు ముందే ‘చింగ్‌యో’, అంటే గింజల నూనెతో చేసింది, అని అడగాలి. శాకాహారులైతే తాము మాంసం తినమన్న మాట చైనా లిపిలో రాయించిన చీటీ జేబులో ఉంచుకోవాలి. సైగలతో ఈ పని కాదు.

ఫోన్ విషయంలోనూ జాగ్రత్త పడాలి: గూగుల్, వాట్సాప్ అక్కడ మామూలుగా పనిచేయవు. చిన్న కొట్లలోనూ చెల్లింపులు ఫోన్‌తోనే కాబట్టి, ఇంటి దగ్గరే అలీపే అనే చెల్లింపుల యాప్ పెట్టుకుని కార్డు జోడించుకోండి.