ఎముక కట్టే వయసు

బాచుపల్లి, నిజాంపేట వీధుల్లో ఏ జూనియర్ కాలేజీ హాస్టల్‌కు వెళ్లినా బైపీసీ పిల్లల జువాలజీ రికార్డులో ఒక బొమ్మ కనిపిస్తుంది. నడుమ హావర్షియన్ కుల్య, దాని చుట్టూ వలయాలుగా స్తరికలు, వాటి మధ్య చిన్న చిన్న గర్తికలు. అది ఎముక అడ్డుకోత. బొమ్మ వేస్తున్న పిల్లల ఒంట్లో ఎముక కట్టే పని ఇంకా సాగుతూనే ఉంది.

కాళ్లు, చేతుల ఎముకలు తల్లి కడుపులో ముందు మృదులాస్థిగా తయారవుతాయి. అందులోకి రక్తనాళాలు చొచ్చుకొస్తాయి, వాటి వెంట ఎముక కట్టే కణాలు, అంటే ఆస్టియోబ్లాస్టులు వస్తాయి. ఇవి కొల్లాజన్ పోగులు అల్లితే, వాటిమీద కాల్షియం, ఫాస్ఫేట్ స్ఫటికాలు పేరుకుంటాయి. గట్టిదనం స్ఫటికాలది, విరగకుండా ఓర్చుకునే గుణం పోగులది. పుర్రె పైభాగపు ఎముకలు మాత్రం మృదులాస్థి లేకుండా నేరుగా పొరలోనే ఏర్పడతాయి.

కట్టే కణాల్లో కొన్ని తాము కట్టినదాంట్లోనే ఉండిపోయి ఆస్టియోసైట్లవుతాయి. ఎముక కణాల్లో 90 శాతానికి పైగా ఇవే. పిల్లలు గర్తికలో చుక్క పెట్టి చూపించే కణం ఇదే. సూక్ష్మకుల్యల గుండా చేతులు చాచి పక్క కణాన్ని అందుకుంటుంది. పరుగెత్తినా గెంతినా ఆ కుల్యల్లో ద్రవం కదులుతుంది; ఇక్కడ బలం కావాలని ఆస్టియోసైట్ కబురు పెడుతుంది. రోజంతా కూర్చుంటే ఆ కబురు వెళ్లదు, ఎముకను తవ్వే పని పెరుగుతుంది.

తవ్వేవి ఆస్టియోక్లాస్టులు. అనేక కేంద్రకాలున్న ఈ పెద్ద కణాలు ఎముకకు అతుక్కుని, అంచు మూసి, లోపల ఆమ్లం వదిలి ఖనిజాన్ని కరిగిస్తాయి. వీటికి వారాలు పట్టిన గుంటను పూడ్చడానికి ఆస్టియోబ్లాస్టులకు నెలలు పడతాయి. ముప్ఫై ఏళ్లు దాటాక ఎముకలో కొత్తగా కూడబెట్టేదేమీ ఉండదు, ఉన్నది కాపాడుకోవడమే.

ఎదిగే వయసులో ఎముక చెడితే ఏమవుతుందో తెలుగు పల్లెలకు బాగా తెలుసు. ఇప్పటి ప్రకాశం జిల్లా ప్రాంతంలో ఫ్లోరైడ్ నీళ్లు ఎముకల్ని బిగదీయడాన్ని 1937లో షార్ట్ బృందం నమోదు చేసింది. ఫ్లోరైడ్ ప్రాంతంలో మోకాళ్లు లోపలికి వంగిపోవడం గురించి హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్‌లో రాశారు. నల్లగొండ ఆ గోస తరాల పాటు మోసింది.

ఈ హాస్టల్ పిల్లల కష్టం వేరు. తెల్లారకముందే స్టడీ అవర్, రాత్రి పడుకునేదాకా బెంచీ. ఆటస్థలం ఉండాల్సిన చోట మరో బ్లాకు. గదిలోకి ఎండ వచ్చినా, విటమిన్ డి తయారుచేసే కిరణాలను కిటికీ అద్దం ఆపేస్తుంది. 16–18 ఏళ్లవారికి రోజుకు 1,050 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని పోషకాహార సంస్థ 2020లో సూచించింది. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. మెస్‌లో రాగి జావ, పెరుగు పెట్టడం పెద్ద ఖర్చు కాదు. రోజూ గంటసేపు ఎండలో ఆడించడానికి అసలు ఖర్చే లేదు.

అడ్మిషన్‌కు వెళ్లే తల్లిదండ్రులారా, ర్యాంకుల ఫ్లెక్సీ చూసి ఫీజు కట్టేయకండి. గ్రౌండ్ ఎక్కడుందో చూపించమనండి.